గాజుమూతకు బీగం

బీగం కొనేదానికి వచ్చిన ప్రతివాణ్ణీ నేను ఒక్క క్షణం అనుమానంగానే చూస్తాను. ఇంట్లో అంత దాచుకునేది ఏముంది, ఎవరి నుంచి దాస్తున్నాడు, ఉన్న బీగానికి ఏమొచ్చింది అని నోటితో అడక్కపోయినా కళ్ళతో అడిగేస్తాను. మావారు నన్ను "పోలీసమ్మా" అని పిలుస్తారు. పిలవనీ. కోవిల్‌పట్టి బజారు వీధిలో నాన్న పెట్టిపోయిన బీగాల అంగడి ఇన్నేళ్ళుగా చెడ్డపేరు లేకుండా నడుస్తూ ఉందంటే ఈ గుణం వల్లనే. నాన్నకు కొడుకు లేకపోలేదు. వాడికి ఓపిక లేదు. ఆకురాయి చేతికిచ్చి బీగానికి చెవి కొయ్యరా అంటే పళ్ళన్నీ అరగదీసి ఇనపముక్క చేసి పెట్టేవాడు. విసిగి విసిగి నాన్న ఆ ఆకురాయిని నా చేతిలో పెట్టినాడు.

మాది ఇంటి తెలుగు. గడప దాటితే అరవమే. ఈ అక్షరాలు నేను నలభై దాటినాక నేర్చుకున్నాను కాబట్టి మాట్లాడినట్టే రాస్తాను. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళు మా మాట విని నవ్వుతారు. నవ్వితే నవ్వనీ అనుకునేదాన్ని. ఒక మాట మనిషి కూడు మీదికి తెస్తుందని అప్పుడు తెలియదు.

విరుదునగర్ నుంచి ఫోను వచ్చింది. పప్పులూ నూనే టోకుగా అమ్మే ముదలాళి, పెద్ద షావుకారు. నా తమ్ముడు ఆయన దగ్గరే వాచ్‌మెన్‌గా ఉన్నాడు. "విమానానికి ఒక బీగం వెయ్యాలమ్మా, ఒకసారి ఇట్ల వచ్చి పో" అన్నాడు అరవంలో.

ఆయనకు ఒక చిన్న విమానం ఉంది. ఇద్దరు కూర్చునేది. కొందరికి ఎద్దుల పిచ్చి, కొందరికి పావురాల పిచ్చి, ఈయనకు ఇది. కోవిల్‌పట్టి అవతల నల్లరేగడి నేలల మధ్య ఒక రన్‌వే పక్కన రేకుల కొట్టం వేయించి అందులో పెట్టుకున్నాడు. ఆ కొట్టానికే మా తమ్ముడి కాపలా. అది సరే. విరుదునగర్‌లో బీగాల అంగళ్ళు లేవా? మదురై ఎంత దూరం? ఇంత పెద్ద మనిషి నా గూడు లాంటి అంగడికి ఫోను చేసి పిలవడమేమిటి? వాచ్‌మెన్‌కు అక్క, ఆ అక్కకు చెవులు కోసే మిషను. ఈ రెండూ కలిపి ఎవడో ఒక లెక్క వేసుకున్నాడు.

మా తమ్ముడి సంగతి చెప్పాలి. అంగడి వద్దని పోయి వాడు తాయిల్‌పట్టి వైపు టపాసుల కంపెనీలో మందు కలిపే గదిలో చేరినాడు. మందు అంటే బాణసంచా మందు. ఒకరోజు ఆ గది అంటుకుంది. వాడు ఎడమ చెయ్యి కాల్చుకుని ప్రాణంతో బయటపడినాడు, అంతే చెప్పగలను. ఆ చేతి వేళ్ళు ఇప్పటికీ పూర్తిగా ముడవవు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చినరోజు మా మరదలు వాడి ముందు నిలబడి, మళ్ళీ ఆ గదికి పోతే నన్ను మరిచిపో అని చెప్పింది. మా చుట్టుపక్కల ఒంటిచేతి మగవాడికి వేరే పని ఎవరిస్తారు? ముదలాళి ఇచ్చినాడు. కూర్చునే పని, నీడ పట్టున పని. అది పోతే వాడికి మిగిలింది ఆ మందు గదే. ఫోను పెట్టేసిన తరువాత నా కళ్ళ ముందు వాడి చెయ్యే కనపడింది.

సాత్తూరు మీదుగా పోయే బస్సెక్కి విరుదునగర్ పోయినాను. మండీ వీధిలో ఆయన అంగడి. ఎండుమిరప ఘాటుకు ముక్కు మండిపోయింది. కందిపప్పు మూటల మధ్య కుర్చీ వేసి కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, కొంచెంసేపు నా ముఖమే చూసినాడు. మర్యాద మరీ ఎక్కువైతే నాకు పడదు.

"పొద్దున్న పోయి చూస్తే విమానం మూత బీగం తీసి ఉంటుందమ్మా. ఒకసారి కాదు, చాలాసార్లు. ఏమీ పోలేదు" అన్నాడు.

"ఏమీ పోలేదా?"

"ఒక్క గుడ్డముక్క కూడా పోలేదు. అదే నా భయం. దొంగైతే తీసుకుపోతాడు. వీడెవడో లోపల కూర్చుని దేన్నో ముట్టుకుంటున్నాడు. కారైతే చెడిపోతే పక్కన ఆపుకుంటాం. ఇది పైకి పోయినాక తెలిస్తే ఏం లాభం?"

అది న్యాయమే. నేను తల ఊపినాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి మెల్లగా అడిగినాడు. "చెవులు రెండే ఉన్నాయి. ఒకటి నా దగ్గర, ఒకటి మీ తమ్ముడి దగ్గర. వాణ్ణి అడిగితే తెరవలేదంటాడు. మూడో చెవి కొయ్యడం కష్టమా అమ్మా?"

ఇదా సంగతి! ఒళ్ళంతా మండింది. తమ్ముడు దొంగ, అక్క దొంగచెవి కోసి ఇచ్చింది. బీగాల అంగడికి ఈ మాట ఒక్కటి చాలు, ఇంక ఇంటికి పోయి ఈగలు తోలుకోవచ్చు. లేచి వచ్చేద్దామా అనుకున్నాను. లేచి వస్తే దొంగ పారిపోయింది అంటాడు. కూర్చున్నాను.

"కష్టం కాదు సార్. దొంగచెవి కొయ్యడం చాలా సుళువు. అందుకే నేను కొయ్యను" అన్నాను.

ఆయన నవ్వలేదు. టేబుల్ కింది నుంచి ఒక అట్టపెట్టె తీసి నా ముందుకు తోసినాడు. విమానం చేసిన కంపెనీవాళ్ళే పంపిన కొత్త బీగం అది, గట్టిది. దీన్ని నువ్వే బిగించి, చెవులు నువ్వే కోసి ఇవ్వాలి అన్నాడు. అప్పుడు నాకు పూర్తిగా అర్థమయింది. ఈ బీగం విమానానికి కాదు, మాకు వేస్తున్నాడు. దీన్ని బిగించిన తరువాత కూడా మూత బీగం తీసి ఉంటే, ఇక వేరే ఎవరినీ అడగక్కర్లేదు.

సాయంత్రం తమ్ముణ్ణి అంగడికి పిలిపించినాను. వాడు వస్తూనే డబ్బాలో ఉన్న వేరుశెనగ కడలై మిఠాయి తీసుకుని నములుతూ నిలబడినాడు.

"ఒరేయ్, ఆ విమానం మూత నువ్వు తెరుస్తున్నావా?"

"నేను ఏల తెరుస్తానక్కా? పైలట్ సారు ఎగిరేసి దిగినాక చెప్పిపోతాడు. చెప్పినట్టే వేసేసి వచ్చి కూర్చుంటాను."

"ఊళ్ళో పిల్లకాయల్ని ఎవరినైనా ఎక్కించి చూపిస్తావేమో అని."

"పోలీసమ్మ మొదలుపెట్టింది రా" అని నవ్వి ఇంకో ముక్క నోట్లో వేసుకున్నాడు. వాడు అబద్ధం చెప్పేటప్పుడు నవ్వడు. నిజం చెప్పేటప్పుడు కూడా ఇంత నవ్వడు. నాకు ఆ నవ్వు నచ్చలేదు. దోస్తుల ముందు గొప్పకు ఏదైనా చేసే రకమే వాడు, చిన్నప్పటి నుంచి చూస్తున్నదాన్ని. ముదలాళి తనను అనుమానిస్తున్నాడని మాత్రం వాడికి చెప్పలేదు. చెప్తే వాడు జాగ్రత్త పడతాడు. జాగ్రత్త పడితే నాకు నిజం తెలియదు. ఇది నా బుద్ధి, ఏం చెయ్యను!

పని రోజు పొద్దున్నే సంచి తీసుకుని కొట్టానికి పోయినాను. విమానాన్ని అంత దగ్గరగా చూడడం అదే మొదలు. ఇంత చిన్నదా అనిపించింది. మా వీధిలో పెద్ద కారు దీనికన్నా బరువుగా ఉంటుంది. పైన బోర్లించిన గాజు మూత, ముందు వైపు కీలు, వెనక చట్రంలో ఒక పిడి. మూత దించి ఆ పిడి తిప్పితే లోపల కొక్కెం పట్టుకుంటుంది. పిడి మధ్యలో చిన్న బీగం, బల్ల సొరుగుకు వేసే మాదిరిది. దాన్ని చూసి నాకు నవ్వాగలేదు. "దీనికా ఇంత గొడవ" అని తల్లోంచి పిన్ను తీసి లోపల పెట్టి అటూ ఇటూ అన్నాను. టక్కున తెరుచుకుంది.

తల ఎత్తి చూస్తే ముదలాళి నన్నే చూస్తున్నాడు. అయ్యో, నా పనితనం చూపించబోయి నా మెడకు నేనే ఉరి తగిలించుకున్నానే అని లోపల నన్ను నేనే తిట్టుకున్నాను.

అక్కడే పైలట్ కూడా ఉన్నాడు. గుంటూరు వైపు మనిషి, వయసు చిన్నదే. కొన్ని నెలల ముందు చేరినాడు. ముదలాళి పక్కన కూర్చుని విమానం నడుపుతాడు, విమానం మంచిచెడ్డలన్నీ అతనే చూస్తాడు. మాది తెలుగని తెలిసినప్పటి నుంచి మా తమ్ముడితో అరవం మాట్లాడడమే మానేసినాడట. "అమ్మా, మీ తమ్ముడి తెలుగు వింటుంటే మా తాతమ్మ గుర్తొస్తుంది. 'ఏల' అంటాడు! ఏల అనే మాట నేను పద్యాల్లో తప్ప వినలేదు" అని మురిసిపోయినాడు. మా తమ్ముడు కూడా మురిసిపోయి పళ్ళికిలించినాడు. ఆంధ్రా పైలట్ తనతో తెలుగులో మాట్లాడతాడని వీడు ఊరంతా చెప్పుకుంటాడు.

నాకు అతని మీద కూడా కన్ను పడింది. బీగం తెరిచి ఉండడం ఈయన వచ్చిన తరువాతే మొదలయింది. అంతకుముందు ముదలాళి తానే ఎగిరి, తానే బీగం వేసుకుని పోయేవాడట. తియ్యగా మాట్లాడతాడు, రాత్రికి కోవిల్‌పట్టి లాడ్జిలోనే ఉంటాడు, విమానం గురించి అన్నీ తెలుసు. ముదలాళికి వాచ్‌మెన్ మీద వచ్చిన అనుమానం పైలట్ మీద ఏల రాలేదు? చొక్కా తెల్లగా ఉన్నందుకా?

అనుమానానికి తగ్గట్టే అతను ఒక షరతు పెట్టినాడు. "అమ్మా, బయట ఎంత గట్టి లాక్ అయినా పెట్టండి. లోపలి పిడి మాత్రం కీ లేకుండా తిరగాలి. ఎప్పుడైనా సరే."

"అదేం బీగం? లోపల ఉన్నవాడు తెరుచుకుని పోయేదాన్ని బీగమంటారా?" అన్నాను.

"లోపల ఉన్నది నేనే కదమ్మా."

అదే నా అనుమానం అని నోటిదాకా వచ్చింది, మింగినాను. అతను నా ముఖం చదివినట్టున్నాడు, నవ్వడం మానేసినాడు. అరిచేయి తిప్పి చూపించినాడు. "దిగేటప్పుడు ఇట్లా బోర్లా పడిందనుకోండి. పెట్రోలు కారుతోంది. మూత తెరుచుకోవాలి. బయట ఎవడో లాక్ వేసి మరిచిపోయాడు. మీ లాక్ గట్టిదే, నేను లోపలే."

అప్పుడు మా తమ్ముడు తన ఎడమ చేతి వైపు చూసుకున్నాడు. నేను చూడనట్టు పెట్టె విప్పి, కంపెనీవాళ్ళు బొమ్మ వేసి పంపిన కాగితం పరిచినాను. వాళ్ళు కూడా అదే చెప్పినారు. చెవి తిప్పితే బయటి పిడి ఒక్కటే బిగుసుకుంటుంది, లోపలి పిడికి దానితో పొత్తు లేదు. ఇన్నేళ్ళు బయటివాణ్ణి ఆపే బీగాలే చేసినాను. లోపలివాణ్ణి ఆపకూడదు అనే బీగం ఇదే మొదలు. అయినా పైలట్ మీద అనుమానం పోలేదు, ఒక మెట్టు దిగింది, అంతే.

విమానంలో ఇష్టం వచ్చినట్టు బెజ్జాలు పెట్టేదానికి లేదు. సంతకం పెట్టే ఇంజనీరు ముందురోజే మదురై నుంచి వచ్చి, చట్రం మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టి పోయినాడు. పని అయినాక మళ్ళీ వచ్చి చూసి సంతకం పెడితేనే విమానం లేచేది. నేను సీట్ల మీద, కింద, సందుల్లో అంతా తడిగుడ్డలు పరిచినాను. ఒక్క ఇనపరజను లోపల పడినా అది పోయి ఎక్కడ ఇరుక్కుంటుందో తెలియదని పైలట్ చెప్పినాడు. గాజు అని పేరే గాని ఆ మూత గట్టి ప్లాస్టిక్ లాంటిది. దానికి డ్రిల్లు అదురు తగిలితే వెంట్రుకంత చీలిక పడుతుందట. అందుకని కరెంటు డ్రిల్లు పక్కన పెట్టి చేతి డ్రిల్లుతోనే తిప్పినాను. బయట గాలి రేకుల్ని దడదడ కొడుతూ ఉంది. ముదలాళి కదలకుండా నా చేతుల్నే చూస్తూ నిలబడినాడు. నా జన్మలో ఇంత కాపలాలో పని చెయ్యలేదు.

బీగం గూట్లో కూర్చుంది. చెవి పెట్టి తిప్పినాను. ఆ చప్పుడు వింటే నాన్నకు నచ్చి ఉండేది. బయటి పిడి కొండలా బిగుసుకుంది, లోపలిది వెన్నలా తిరిగింది. మా అంగట్లో నాన్న పెట్టిన పద్ధతి ఒకటి ఉంది. కొత్త చెవిని ఉత్తచేత్తో ఇవ్వం. పసుపు గుడ్డలో చుట్టి, ఎర్రదారంతో ముడి వేసి ఇస్తాం. ఆ ముడి నాన్న నేర్పింది, దాన్ని విప్పి మళ్ళీ అట్లే కట్టేదానికి వేరేవాళ్ళకు రాదు. రెండు పొట్లాలు కట్టినాను. ఒకటి ముదలాళి తీసుకున్నాడు. రెండోది తమ్ముడి చేతికి తానే ఇచ్చి "నీ దగ్గరే ఉంచుకో, పోగొట్టినావంటే చూడు" అన్నాడు అరవంలో. తరువాత నా వైపు తిరిగి, మిగిలిన కొయ్యని చెవులు, బీగం నంబరు ఉన్న చీటీ కూడా ఇమ్మన్నాడు.

ఇచ్చినాను. తల తీసేసినట్టయింది. సంచి దులిపి చూపించనా అని అడగబోయి, ఆయన చూపించమంటాడేమో అని ఊరుకున్నాను.

వారం తిరగలేదు. పొద్దున్నే, అంగడి తలుపు తీస్తున్నాను, ముదలాళి ఫోను. "చెప్పకుండా వచ్చి చూసినానమ్మా. బీగం తీసే ఉంది. నువ్వు రా." అంతే, పెట్టేసినాడు.

ఆటోలో కూర్చున్నాను గాని నాకు దారి కనపడలేదు. కొత్త బీగం. నేను బిగించింది. పిన్ను కాదు కదా, నేనే కూర్చున్నా చెవి లేకుండా ఒక పూట పడుతుంది. చెవులు రెండు. ముదలాళి తన బీగం తాను తెరుచుకుని నా మీద నింద వేస్తాడా? వెయ్యడు. ఇంక మిగిలిందెవరు? అనుమానం ఊళ్ళోవాళ్ళ మీద ఉన్నంతసేపు దానికొక రుచి ఉంటుంది. ఇంటివాడి మీదికి వచ్చేటప్పటికి నోరంతా చేదయింది. మళ్ళీ మందు గదికి పోతాడే, పాపిష్టివాడా, నీ పెళ్ళానికి ఏం చెప్పేది అని దారి పొడుగునా వాణ్ణే తిట్టుకుంటూ పోయినాను.

కొట్టంలో ముగ్గురూ నిలబడి ఉన్నారు. ముదలాళి చేతులు వెనక్కు కట్టుకున్నాడు. పైలట్ ముఖం పాలిపోయి ఉంది. మా తమ్ముడు ఏమీ అర్థంకానట్టు అందరి ముఖాలూ చూస్తున్నాడు. ముదలాళి ఏదో అనబోయినాడు, నేను అననివ్వలేదు. నేరుగా పోయి తమ్ముడి చొక్కా పట్టుకున్నాను.

"నిజం చెప్పరా. ఎవరిని ఎక్కించినావు? ఎవరికి చూపించినావు? నీ గొప్పలకు నా అంగడి మూయించేస్తావా? నాన్న పేరు తీసేస్తావా? చెప్పు!"

మనసులో మాట కాదది, గొంతు చించుకుని అరిచినాను. పరాయివాళ్ళ ముందు. వాడు చొక్కా విడిపించుకోలేదు.

"నేను తెరవలేదక్కా" అన్నాడు.

అప్పుడు పైలట్ మధ్యలోకి వచ్చినాడు. "అమ్మా, నిన్న సాయంత్రం కూడా వెళ్తూ వెళ్తూ నేనే చెప్పాను. వేసేశాను సార్ అన్నాడు. నా చెవులతో విన్నాను. అబద్ధం చెప్పాడనుకోవాలంటే నాకే బాధగా ఉంది."

"వేసినాను సారూ! రోజూ వేస్తాను! నిన్న కూడా వేసినాను!"

"చెవి ఏది?" అన్నాను.

తమ్ముడు చొక్కా ఎత్తి మొలతాడు చూపించినాడు. దానికి పసుపు గుడ్డ పొట్లం వేలాడుతూ ఉంది. చేతిలోకి తీసుకున్నాను. ఎర్రదారం, నాన్న ముడి. నేను కట్టింది కట్టినట్టే ఉంది. ఎవరూ విప్పలేదు.

ఒక్క క్షణం సంతోషం వేసింది, వీడు తెరవలేదు! మరుక్షణం బుర్ర తిరిగింది. తెరవలేదు సరే. వెయ్యలేదు కూడా.

"ఒరేయ్, ఈ పొట్లం విప్పకుండా ఏం వేసినావురా రోజూ?"

"తాళ్ వేసినాను. సారు చెప్పినట్టే."

"పోయి వేసి చూపించు."

వాడు విమానం దగ్గరికి పోయినాడు. మూతను ఎడమ మోచేత్తో ఒత్తిపట్టి, కుడిచేత్తో పిడి తిప్పినాడు. లోపల కొక్కెం పడిన చప్పుడయింది. రెండుసార్లు లాగి చూసి, వెనక్కు వచ్చి నిలబడినాడు. "ఇదిగో, తాళ్."

"బీగం?"

"బీగం ఎవరు వెయ్యమన్నారు?"

నేను పైలట్ వైపు తిరిగినాను. "మీరు వీడికి ఏ మాట చెప్పినారు? అచ్చంగా అదే మాట చెప్పండి."

"తాళం వేసెయ్ అన్నాను. రోజూ అదే కదా చెప్తాను. తాళమేసెయ్, పడిందో లేదో చూసుకో అని." అని నా వైపు తిరిగి, "తాళమన్నా బీగమన్నా ఒకటే కదా?" అన్నాడు.

అమ్మా, తల్లీ! నాకు అక్కడే కూలబడిపోవాలనిపించింది. మా ఇళ్ళల్లో ఇనపదాన్ని, చెవి పెట్టి తిప్పేదాన్ని, బీగమంటాం. తలుపుకు వేసే గడియను, అరవవాళ్ళు అన్నట్టే, తాళ్ అంటాం. నాకు టీవీ సీరియళ్ళ వల్ల ఆంధ్రా మాట తెలుసు. వాడు టీవీలో క్రికెట్టు తప్ప ఏమీ చూడడు. సారు తాళమన్నాడు, వీడు తాళ్ వేసినాడు. అడిగితే వేసినానన్నాడు, నిజమే చెప్పినాడు. ముదలాళి తెరిచినావా అని అడిగితే లేదన్నాడు, అదీ నిజమే. వెయ్యమని ముదలాళి వీడికి ఒక్కసారైనా అరవంలో చెప్పి ఉంటే ఇదంతా లేదు. ఆయన పైలట్‌కు ఇంగ్లీషులో చెప్పినాడు, పైలట్ వీడికి ప్రేమగా తెలుగులో చెప్పినాడు.

ముదలాళికి అరవంలో విడమర్చి చెప్పినాను. మొదట నమ్మలేదు. ఆయన కూడా నా మాదిరి మనిషే. పొట్లం చేతిలో పెట్టినాను, ముడి చూపించినాను, తన జేబులోని పొట్లం తీసి పక్కన పెట్టి చూసుకున్నాడు. అప్పుడు మెల్లగా ఆయన పొట్ట కదలడం మొదలయింది. నవ్వినాడు చూడండి, రేకులు అదిరినాయి. పైలట్ తల పట్టుకుని నవ్వినాడు. "రెండు మాటలూ మీ దగ్గరే ఉన్నాయి, నాకు ఒక్కటే ఉంది" అని మా తమ్ముడి భుజం తట్టి, క్షమించు అన్నాడు. ముదలాళి ఆ పొట్లాన్ని మళ్ళీ వాడి చేతిలోనే పెట్టి, "ఇకమీదట ఈయన చెప్పేది వినకు, నేను చెప్పేది విను. పూట్టు. పూట్టు వెయ్యి" అని బీగానికి అరవం మాటే చెప్పినాడు. పని ఉంది, జీతం ఉంది, నా అంగడి ఉంది. నాకు ఊపిరి వచ్చింది. నేనూ నవ్వినాను.

తమ్ముడు ఒక్కడే నవ్వలేదు. నలిగిన చొక్కా సర్దుకుంటూ ఉన్నాడు. "ఇన్నాళ్ళూ నన్ను దొంగ అనుకున్నారా?" అని ఎవరినీ చూడకుండా అడిగినాడు. ముదలాళి ఏదో సర్ది చెప్పినాడు. నేను ఆటో చూసుకునేదానికి బయటికి నడిచినాను.

తరువాత కొన్ని రోజులకు, మధ్యాహ్నం, వాడు అంగడికి వచ్చినాడు. చంకలో రేకుపెట్టె ఉంది. కొట్టంలో తన మంచం కింద పెట్టుకునే పెట్టె, అందులో వాడి కంచం, దుప్పటి, ఒక మార్చు చొక్కా ఉంటాయి. మా అంగట్లో అడుగుపెడితే ముందు మిఠాయి డబ్బా మీద చెయ్యి వేసేవాడు ఆరోజు వెయ్యలేదు. పెట్టెను బల్ల మీద పెట్టినాడు.

"దీనికొక బీగం వెయ్యక్కా. మంచిది."

"దీనికేల రా బీగం? కంచం ఎవరెత్తుకుపోతారు?"

"వెయ్యి. చెవులు రెండే కొయ్యి."

పని చేస్తూ నేనేదో వాగినాను. మరదలు ఎట్లుంది, పిల్లల పరీక్షలెప్పుడు, ఏవేవో. ఊ, ఊ అన్నాడు. బీగం బిగించి, చెవులు కోసి, పసుపు గుడ్డ చింపి రెండు పొట్లాలు కట్టి బల్ల మీద పెట్టినాను. వాడు ఒకటి తీసి జేబులో వేసుకున్నాడు.

"ఇది ముదలాళికి. అక్కడ ఏదైనా పోయిందనుకో, ముందు నా పెట్టె చూసుకుంటాడు." రెండోది వేలితో నా వైపు తోసినాడు. "ఇది నీకు."

నా చేతిలోని ఆకురాయి బల్ల మీద పడింది. "ఒరేయ్, ఏం మాటరా అది? బుద్ధుందా నీకు? ఏదో కోపంలో ఒక మాట అంటే మనసులో పెట్టుకుంటావా? నీకు చెవి వద్దా? నీ పెట్టె నువ్వెట్ల తెరుచుకుంటావు?"

వాడు పెట్టె చంకలో పెట్టుకున్నాడు. ఆ ఎడమచేత్తో పట్టు కుదరక ఒకసారి సర్దుకున్నాడు. వాడి ముఖంలో కోపం లేదు. కోపముండి ఉంటే నాకు చేతనయి ఉండేది.

"నాకేల అక్కా చెవి?" అన్నాడు. "నాకు ఎవరి మీదా అనుమానం లేదే."

రెండో పొట్లం నా గల్లాపెట్టెలో ఉంది. ముడి విప్పలేదు.